అడిగితే లేదనాలి

"ఈయనగారికి చొక్కా ఇస్త్రీ చేసి పెట్టాలట. ఏ ఉద్యోగానికి బయల్దేరుతున్నారో ఎవరైనా చెప్తే బాగుండు," అంది అత్తయ్య వంటింటి గోడతో.

గోడ పలకలేదు. గుమ్మంలో నిలబడ్డ కోడలూ పలకలేదు. నాలుగు రోజుల నుంచి ఆ ఇంట్లో అత్తయ్య తన మాటలన్నీ గోడలకూ గిన్నెలకూ కొళాయికీ చెప్పుకుంటోంది. చేరాల్సిన చెవికి అవి చేరుతూనే ఉన్నాయి.

"నేను చేస్తాను, ఇలా ఇవ్వండి," అంది కోడలు చెయ్యి చాపి.

అత్తయ్య చొక్కాను గుండెకు అదుముకుంది. "వద్దు తల్లీ. ఇప్పటిదాకా చేసింది చాలు."

నాలుగు రోజుల్లో నేరుగా అన్న మొదటి మాట అదే. అది కూడా అనకుండా ఉంటే బాగుండేదనిపించింది కోడలికి.

ముందుగదిలో మావయ్య తడిజుట్టు దువ్వుకుని, బనీనుతో కుర్చీలో కూర్చున్నాడు. నీళ్ల మోటార్ల ఫ్యాక్టరీలో ముప్పై నాలుగేళ్లుగా స్టోర్ కీపరాయన. విచారణ ముగిసేదాకా ఇంటి దగ్గరే ఉండమని కాగితం ఇచ్చారు. కాగితం కాగితమే, అలవాటు అలవాటే. రోజూ ఆరింటికల్లా తయారై కూర్చుంటున్నాడు. ఏడున్నరకు ఫ్యాక్టరీ బస్సు వీధి మలుపు తిరుగుతుంది. అది ఆగకుండా వెళ్లిపోయాక, ఇంకా కాసేపు చూసి, చొక్కా విప్పి కొక్కేనికి తగిలిస్తున్నాడు.

ఇవాళ మాత్రం నిజంగానే వెళ్లాలి. పదకొండింటికి విచారణ. కోడలూ వెళ్లాలి. ఎందుకంటే ఆయన్ని ఆ గదిలో నిలబెట్టింది ఆమె తీసిన లెక్కే.

జరిగింది చెప్పుకోవాలంటే, తాళం ఆయనే తీశాడు. ఎవరూ అడగలేదు.

రెండేళ్ల క్రితం ఫ్యాక్టరీకి కొత్త పద్ధతి వచ్చింది. సరుకు ఏ పూటకు కావాలో ఆ పూటకే రావాలి, ఎంత కావాలో అంతే రావాలి. ప్రతి పెట్టెకూ గీతల స్టిక్కరు. పెట్టె ఖాళీ కాగానే దాన్ని చదివే మిషనుకు ఒక్కసారి చూపిస్తే, ఊరవతల ఆ సరుకు చేసేవాడి తెరమీద అది కనబడుతుంది, తెల్లారేసరికి వ్యాను వస్తుంది. స్టోర్‌లో నిలవ ఉన్నదంతా దండగ కిందే లెక్క. ఆ పద్ధతి నేర్పడానికి కంపెనీ తీసుకున్నవాళ్లలో కోడలు ఒకతె. ఏడాది తిరిగేసరికి ఆమెను మావయ్య స్టోర్‌కే వేశారు. ఇంట్లో మావ పెత్తనం, ఫ్యాక్టరీలో కోడలి పెత్తనం అని క్యాంటీన్‌లో నవ్వుకున్నారు. అందరికంటే పెద్దగా నవ్వింది మావయ్యే.

ఆయనకు కొత్తంటే ఏ కోపమూ లేదు. స్టిక్కర్లు వంకర పోకుండా స్కేలు పెట్టి అంటించేవాడు. మిషను కూత పెట్టినప్పుడల్లా "పలికింది" అని మురిసేవాడు. ఇంటి నుంచి సబ్బు పెట్టె పట్టుకెళ్లి దాని మీద కూడా ప్రయత్నించాడు. ఆ రోజు అత్తయ్య సబ్బు ఎక్కడ పెట్టారో చెప్పండని ఇల్లంతా తిరిగింది.

లెక్క తీసిన రోజు ఆయన తనంతట తానే స్టోర్ చివర ఇనుప జాలీ గది తాళం తీశాడు. వెనక అటక మీద నుంచి పాత బిస్కెట్ డబ్బాలు ఒక్కొక్కటే దించాడు. నలభై ఒకటి. మూత తీస్తే లోపల బేరింగులు, సీళ్లు, స్ప్రింగులు, నూనె రాసి, గుడ్డలో చుట్టి, కొత్త పెళ్లికొడుకుల్లా మెరుస్తున్నాయి.

"ఇవి కూడా రాయమ్మా. మన స్టోర్‌లో ఎంత సరుకుందో పైవాళ్లు చూసి నోరెళ్లబెట్టాలి," అన్నాడు.

చేతికి తగిలిందల్లా రాయాలి. ఆ పాఠం ఆమెకు చెప్పిందీ ఆయనే. ఆమె రాసింది. పుస్తకాల్లో ఆ సరుకు లేదు. ఇది ఎక్కణ్ణించి వచ్చిందని మిషను అడిగింది. 'మోటార్లు బిగించే లైను నుంచి తిరిగి వచ్చింది' అంటే వాపసు చీటీ నంబరు కావాలంది. చీటీలు లేవు. 'లెక్కలో లేనిది' అంటే ఏమీ అడగలేదు. ఆమె నలభై ఒక్కసార్లూ అదే నొక్కింది. తన మొదటి లెక్క, సాయంత్రం ఆరులోపు పంపాలి, ఒక్క అంకె తేడా రాకూడదు. ఆ ఆత్రంలో వెనక్కి తిరిగి మావయ్యను ఒక్క మాట అడగలేదు. పంపేసింది.

మావయ్య రోజుల్లో సరుకు తక్కువైతే నేరం. ఇప్పుడు ఎక్కువైనా నేరమేనని ఆయనకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన మనిషి పక్కనే ఉంది.

*

ఆమె జుట్టు ముడేసుకుంటుంటే భర్త గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు. బస్సు డిపోలో మెకానిక్కతను. మధ్యాహ్నం షిఫ్టు.

"ఏం చెప్పాలో గుర్తుందిగా?"

"ఉంది."

"ఒకసారి చెప్పు."

"బడిపిల్లనా, అప్పజెప్పడానికి?"

"చెప్పు."

ఆమె అద్దంలోకి చూస్తూ చెప్పింది. "ఆ సరుకంతా లైన్ల నుంచి తిరిగి వచ్చిందే. ప్రతిదానికీ మావయ్య చీటీ రాసి కట్టగట్టి పెట్టారు. స్టోర్ శుభ్రం చేసిన వారం పనికిరాని కాగితాలనుకుని నేనే పారేశాను. చీటీలు లేకపోయేసరికి లెక్కలో లేదని రాసేశాను."

"అంతే. ఇందులో అబద్ధం ఎంతుంది? మూడు బస్తాల కాగితాలు నువ్వు పారేసిన మాట నిజమే కదా."

"చీటీలు ఉండేవన్న మాట అబద్ధం."

"ఆ బస్తాల్లో ఏముందో ఒక్కో కాగితమూ చదివి పారేశావా?"

"మావయ్య అసలు చీటీలే రాయలేదండీ. ఆయనే చెప్పారు నాకు."

"ఆయన చెప్తారు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. అందుకే నిన్ను చెప్పమంటున్నా."

ఆమె పిన్ను పెట్టుకోబోయి ఆగింది. "నా ఉద్యోగం పోతుంది."

"పోతే ఇంకోటి వస్తుంది. నీకింకా ముప్పై నిండలేదు. ఆయనకి పది నెలలుంది రిటైర్మెంటు. పది నెలలు! స్పేరుపార్టుల కొట్లకి అమ్ముకుంటున్నాడని రాశారు మా నాన్న మీద. ఇంటికి ఒక్క మేకు తెచ్చిన మనిషేనా? గోడకి అద్దం తగిలించాలంటే బజారుకెళ్లి మేకు కొనుక్కొచ్చాడు. మేకుల పెట్టెలు పక్కన పెట్టుకుని రోజంతా కూర్చునేవాడు..."

అతను గోడవైపు తిరిగి, ఆ అద్దం మేకునే చూస్తూ నిలబడ్డాడు. ఆమె దగ్గరకు వెళ్లి వీపు మీద చెయ్యి వేసింది. అతను భుజం పక్కకు జరుపుకున్నాడు.

"చెప్తానండీ. తప్పకుండా చెప్తాను."

"చెప్పు. చెప్పకపోతే మాత్రం..." తలుపు గడియ మీద చెయ్యి వేశాడు. "చెప్పకపోతే మనిద్దరం ఒక ఇంట్లో ఎలా ఉంటామో నాకు తెలీదు. బెదిరించడానికి అనట్లేదు. నిజంగానే తెలీదు."

అరిచి ఉంటే ఆమె తట్టుకునేది. అతను అరవలేదు.

గడప దగ్గర మావయ్య చెప్పులేసుకుంటున్నాడు. ఇస్త్రీ చొక్కా నిలువునా నిలబడింది. అత్తయ్య జేబులో రుమాలు పెట్టి, కాలరు సర్ది, వెనక్కి జరిగి ఒకసారి తేరిపార చూసింది. పెళ్లిచూపులకు పంపుతున్నట్టే ఉంది ఆ చూపు. ఆమె కళ్లు మాత్రం ఎర్రగా ఉన్నాయి.

కోడలు పక్కనుంచి వెళ్తుంటే అంది. ఈసారి గోడతో కాదు.

"ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మా ఇంటి దొంగని నువ్వు పట్టావు."

"ఏమిటే ఆ మాటలు!" అన్నాడు మావయ్య.

"లోకం అనేదే నేనూ అన్నాను. కొళాయి దగ్గర అంటున్నారు, కొట్టు దగ్గర అంటున్నారు. నేనంటే తప్పా?" అని లోపలికి వెళ్లిపోయింది. వంటింట్లో ఏదో గిన్నె కింద పడింది. ఎవరూ తీసిన చప్పుడు రాలేదు.

*

ఫ్యాక్టరీ బస్సెక్కే హక్కు మావయ్యకు ఇవాళ లేదు. మామూలు బస్సే ఎక్కారు. కిటికీ పక్క సీటు ఆమెకు వదిలి ఆయన ఇవతల కూర్చున్నాడు. మూడు స్టాపులు దాటాయి.

"స్టోర్‌లో మూడో వరస మీది రేకు కారుతోందా ఇంకా?" అన్నాడు ఉన్నట్టుండి.

"బాగుచేయించాను మావయ్యా."

"మిషను బ్యాటరీ రాత్రి చార్జింగుకి పెడుతున్నారా? అది పెట్టకపోతే పొద్దున్నే మూలుగుతుంది."

"పెడుతున్నారు."

"మంచిది."

ఇంకో రెండు స్టాపులు గడిచాయి. తిట్టినా బాగుండేది, లెక్క ఎందుకలా పంపావని ఒక్కసారి అడిగినా బాగుండేది. నాలుగు రోజులుగా ఆమె ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తోంది. జవాబు కూడా తయారుగా పెట్టుకుంది. ఆయన రేకు గురించీ బ్యాటరీ గురించీ అడిగి ఊరుకున్నాడు.

గేటు దగ్గర వాచ్‌మన్ అలవాటుగా సెల్యూట్ కొట్టబోయి, సగంలో చెయ్యి దించుకుని తల గోక్కున్నాడు. మావయ్య ఆ సగం సెల్యూట్‌కే తల ఊపి, సందర్శకుల పుస్తకంలో పేరు రాశాడు. 'ఎవరిని కలవాలి' అన్నచోట పెన్ను ఆగింది. చివరికి 'స్టోర్స్' అని రాశాడు.

*

విచారణ గది అంటే మామూలు రోజుల్లో మీటింగు గదే. గోడల నిండా కొత్త పద్ధతి బొమ్మలు, పచ్చ బాణాలు, ఎర్ర గుండ్రాలు. వాటిలో సగం కోడలు గీసినవే. బల్ల మీద నలభై ఒక్క బిస్కెట్ డబ్బాలు, ప్రతిదానికీ ఎర్ర ట్యాగు కట్టి ఉంది.

పైఆఫీసు నుంచి వచ్చినావిడ నెరిసిన జుట్టుతో, మెత్తటి గొంతుతో ఉంది. మావయ్యకు కుర్చీ చూపించింది, మంచినీళ్లు తెప్పించింది. కసిరేవాళ్లయితే కోపం తెచ్చుకోవచ్చు, ఆవిడ ఆ అవకాశం కూడా ఇవ్వలేదు. పక్కన మేనేజరు. ప్రతి పనికీ సెకన్లు లెక్కపెడతాడని ఆయన్ని అందరూ గడియారం సార్ అంటారు. ఇవాళ తన వాచీ వంక కాకుండా తన బూట్ల వంక చూస్తున్నాడు.

"కంచే చేను మేసిందని పైన అనుకుంటున్నారు," అన్నాడు గడియారం సార్ బూట్లతోనే. "నేనలా అనుకోవడం లేదు. కానీ నేననుకుంటే సరిపోదు కదా పెద్దాయనా."

ఆవిడ ఒక డబ్బా ముందుకు జరిపింది. మూత మీద కాగితం ముక్క, దానిమీద నిండైన గుండ్రటి అక్షరాలు.

"'రెండో లైను, పాత మోటారు.' ఈ చేతిరాత మీదేనా?"

"నాదేనమ్మా."

"'ఇక దొరకవు.' ఇది?"

"అదీ నాదే. ఆ రకం తయారీ ఆపేశారమ్మా. అందుకని అలా రాశాను."

ఆవిడ మూడో డబ్బా తీసింది. చదవడానికి ముందు కళ్లద్దాలు సర్దుకుంది. "'అడిగితే లేదనాలి.' ఇది కూడా మీరే రాశారా?"

"నేనే," అన్నాడు మావయ్య. ఆయన మొహంలో మొదటిసారి చిన్న నవ్వు వచ్చింది. తన పనితనం గురించి అడిగారనుకున్నాడు పాపం. "చెప్తాను వినండి. కుర్రాళ్లు సీలు చేజార్చి, వంగి వెతకడానికి బద్ధకించి, నేరుగా స్టోర్‌కి వస్తారు. ఉందంటే తీసుకుపోతారు. రోజుకి పది పోగొడతారు. అందుకని ముందు లేదంటాను. లేదంటే వెళ్లి బల్ల కింద దూరతారు, పదిమందిలో తొమ్మిది మందికి దొరుకుతుంది. దొరకని ఆ పదోవాడు మళ్లీ వస్తాడు, మొహం వేలాడేసుకుని. వాడికిస్తాను."

"అంటే, ఉన్న సరుకుని లేదని చెప్పేవారు."

"చెప్పేవాణ్ణి."

"ముప్పై నాలుగేళ్లుగా?"

"మొదటి ఏడాది చెప్పలేదమ్మా. ఆ ఏడాదే లైను ఆగిపోయింది."

గడియారం సార్ నవ్వబోయి దగ్గాడు. ఆవిడ నవ్వలేదు, రాసుకుంది. రాస్తున్న పెన్ను చప్పుడుకి మావయ్య నవ్వు కూడా నెమ్మదిగా తగ్గిపోయింది.

"షిఫ్టు అయ్యాక లైను మీద మిగిలిన సరుకు మీకు తిరిగి ఇచ్చేవారు. దాన్ని పుస్తకంలో ఎందుకు రాయలేదు?"

"రాస్తే పైవాళ్లు వచ్చే నెల సరుకు తగ్గించేస్తారమ్మా. ఉంది కదా ఎందుకంటారు. ఆ నెలే లారీ రాదు. మూడేళ్ల క్రితం వానలకి దారులు తెగి తొమ్మిది రోజులు ఒక్క బండీ రాలేదు. ఈ డబ్బాలతోనే లైను నడిచింది. సార్‌కి తెలుసు."

"తెలుసు," అన్నాడు గడియారం సార్. "ఆ తొమ్మిది రోజులకి నాకు మెచ్చుకోలు కాగితం ఇచ్చారు."

"పుస్తకంలో లేని సరుకు రేపు బయటకు పోయినా ఎవరికీ తెలియదు. అవునా?" అంది ఆవిడ.

ఆ ఆలోచన మావయ్యకు ముప్పై నాలుగేళ్లలో ఒక్కసారి కూడా వచ్చినట్టు లేదు. డబ్బాల వంక కొత్తగా, కొంచెం భయంగా చూశాడు.

కోడలు ఇక ఆగలేకపోయింది. లేచి నిలబడింది.

"చీటీలు ఉండేవి మేడం. తిరిగి వచ్చిన ప్రతి సరుకుకీ ఆయన చీటీ రాశారు. స్టోర్ శుభ్రం చేసినప్పుడు నేనే పారేశాను. మూడు బస్తాలు. గడియారం... మేనేజరు గారు కూడా చూశారు. తప్పు నాది. లెక్క నేనే తప్పుగా పంపాను."

అద్దం ముందు చెప్పినదానికంటే బాగా వచ్చింది. అయిపోయింది, ఆయన గట్టెక్కాడు అనుకుంది.

"చీటీలు లేవమ్మా," అన్నాడు మావయ్య ఆవిడతో. "నేనెప్పుడూ రాయలేదు. పిల్ల నాకోసం చెప్తోంది."

"మావయ్యా, మీరు ఊరుకోండి!"

"నువ్వు ఊరుకో. లెక్క తప్పంటావేంటి? నువ్వు రాసుకుంటూ పోతుంటే వెనక నేనూ లెక్కపెట్టాను. పదకొండు వందల నలభై ఆరు. నీకూ అంతే వచ్చింది, నాకూ అంతే వచ్చింది." ఆయన ఆవిడ వైపు తిరిగాడు. "ఒక్కటి తేడా లేదమ్మా. ముప్పై నాలుగేళ్లలో నాతో సమానంగా లెక్క తీసిన మనిషి ఈ పిల్లొక్కతే. ఈ లెక్క తప్పని మాత్రం రాయకండి."

పైఆఫీసు ఆవిడ కళ్లద్దాలు తీసి, మళ్లీ పెట్టుకుంది. "చూడమ్మా, మీరు ఈయన కోడలని నాకు తెలుసు. అందుకే ఇంకొక్కసారి అడుగుతాను. ఈసారి మీరు చెప్పిందే రాస్తాను. చీటీలు మీరు చూశారా?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఇంటి దగ్గర భర్త గోడవైపు తిరిగి నిలబడ్డాడు. ఇక్కడ ఈయన ఎదురుగా కూర్చుని ఆమె వంకే చూస్తున్నాడు. ఆ చూపు ఆమెకు తెలుసు. స్టోర్‌లో చేరిన కొత్తలో వాషర్లు లెక్కపెడుతూ ఎక్కడైనా అంకె దాటేస్తే ఆయన పేరుపెట్టి పిలిచేవాడు కాదు, కసిరేవాడు కాదు. తల కొంచెం అడ్డంగా ఊపి, ఆమే కనుక్కునేదాకా ఆగేవాడు.

ఇప్పుడూ అలాగే తల ఊపాడు.

"లేదు మేడం," అంది కోడలు. "చూడలేదు. చీటీలు లేవు."

కూర్చోలేకపోయింది, నిలబడనూ లేకపోయింది. కుర్చీ వీపు పట్టుకుని ఏడ్చింది. మావయ్య తన రుమాలు తీసి బల్ల మీదుగా జరిపాడు. పొద్దున అత్తయ్య మడతపెట్టిన మడత ఇంకా చెదరలేదు.

ఆవిడ కాగితం టైపు చేయించింది. సరుకు దాచినట్టు ఒప్పుకున్నారు. బయట అమ్మినట్టు ఆధారం దొరకలేదు. నిర్ణయం పైవాళ్లది. అప్పటిదాకా గేటు లోపలికి రాకూడదు. పోలీసుల దాకా వెళ్తుందా లేదా అన్నది కూడా పైవాళ్లే చెప్పాలి. ఆవిడ అన్నీ చదివి వినిపించింది. మావయ్య అన్నిటికీ తల ఊపాడు.

"ఈ సరుకు ఏం చేస్తారమ్మా?" అన్నాడు చివర్న.

"పుట్టుపూర్వాలు లేని సరుకు లైను మీదకి పంపకూడదండీ. తుక్కులోకి వెళ్తుంది."

అంతవరకూ కదలని మనిషి అప్పుడు కుర్చీలోంచి లేచాడు. దగ్గరున్న డబ్బా మూత తీసి, గుడ్డ విప్పి, ఒక బేరింగు అరచేతిలో పెట్టుకుని ఆవిడకు చూపించాడు. వేలితో తిప్పాడు. అది చప్పుడు లేకుండా తిరిగింది.

"కొత్తవమ్మా ఇవి. ఒక్కటి తుప్పు పట్టలేదు. ఆర్నెల్లకోసారి తుడిచి నూనె రాశాను. తుక్కేంటమ్మా?"

బేరింగు ఆగేదాకా ఆయన చూశాడు. మళ్లీ గుడ్డలో చుట్టి, డబ్బాలో పెట్టి, మూత బిగించి, సంతకం పెట్టాడు.

"లెక్క తీసినవారు కూడా పెట్టాలి," అంది ఆవిడ.

కోడలి చేతికి పెన్ను ఇచ్చింది మావయ్యే. "పెట్టమ్మా. ఎప్పుడూ పెట్టే సంతకమే కదా," అన్నాడు.

*

వరండాలో నడుస్తూ ఆయన గొంతు తగ్గించి అడిగాడు. "ఆ చీటీల కథ మావాడు అల్లిందేనా? బాగానే అల్లాడు. వాళ్లమ్మ తెలివి."

"ఎందుకు మావయ్యా ఇలా చేశారు? ఒక్క నిమిషం ఊరుకుంటే మీరు..."

"నేనెలాగూ పది నెలల్లో వెళ్లిపోయేవాణ్ణే. నీ లెక్క తప్పన్నారనుకో, రేపు నువ్వు ఏ స్టోర్‌లో ఏం లెక్కపెట్టినా, ఇంకొకడు వెనక నిలబడి మళ్లీ లెక్కపెడతాడు. అది బతుకు కాదమ్మా." వరండా మలుపు తిరిగాడు. "అయినా నువ్వు నన్ను ఒక్క మాట అడగాల్సింది. పంపేముందు."

అడిగినంత పనీ చేశాడు. నాలుగు రోజులు ఎదురుచూసిన ప్రశ్న అంత మెల్లగా వచ్చింది. తయారుగా పెట్టుకున్న జవాబు ఒక్క ముక్కా గుర్తు రాలేదు.

"అడగాల్సింది మావయ్యా," అంది.

"సర్లే. పద."

గేటు బయట భర్త నిలబడి ఉన్నాడు. డిపో బట్టల్లోనే, షిఫ్టు మానేసి వచ్చాడు. వాళ్లను చూడగానే రోడ్డు దాటి గబగబా వచ్చాడు. తండ్రి మొహం చూడలేదు, నేరుగా ఆమె మొహమే చూశాడు.

"చెప్పావా?"

ఆమె పెదవి కదిలేలోపు మావయ్య అందుకున్నాడు.

"చెప్పిందిరా. నువ్వు చెప్పమన్నట్టే పొల్లుపోకుండా చెప్పింది. వాళ్లే నమ్మలేదు. కోడలు కదా, మావగారి కోసం చెప్తోందన్నారు. పాపం, ఏడ్చింది కూడా."

భర్త భుజాలు దిగిపోయాయి. ఎర్రబడ్డ ఆమె కళ్లను చూశాడు. నాలుగు రోజుల తర్వాత చెయ్యి చాపి ఆమె భుజం మీది సంచీ తీసుకుని తన భుజానికి తగిలించుకున్నాడు.

"సర్లే. నువ్వేం చేస్తావు," అన్నాడు మెత్తగా. "పొద్దున నేనలా మాట్లాడాల్సింది కాదు. అమ్మతో నేను చెప్తాలే."

ఆ మెత్తదనం ఆమెకు నిప్పులా తగిలింది. తలెత్తలేకపోయింది. మావయ్య అప్పటికే నాలుగడుగులు ముందుకు వేసి, బస్సు వస్తుంది పదండని తొందర పెడుతున్నాడు.

"జేబులో ఆ కాగితం ఏంటి నాన్నా?"

"ఏం లేదురా. వాళ్లేదో ఇచ్చారు. ఇంటికెళ్లాక చూద్దువుగానీ."

"ఇలా ఇవ్వండి. కేసు పెడతారో లేదో చూడాలి కదా."

"చెప్తున్నానుగా, ఇంట్లో..."

భర్త అప్పటికే కాగితం లాగేసుకుని మడత విప్పాడు. రోడ్డు పక్కనే నిలబడి, చిన్నప్పటి అలవాటు చొప్పున పెదవులు కదుపుతూ చదవసాగాడు. సరుకు దాచినట్టు ఉద్యోగి ఒప్పుకున్నారు. బయట అమ్మినట్టు ఆధారం లేదు. అక్కడ అతని మొహం కాస్త తేటపడింది.

అతను కాగితంలో కింది వరసలకు వచ్చేలోపు తనే చెప్పేయాలనుకుంది కోడలు. ఏవండీ అని పిలిచింది కూడా. లారీ ఒకటి వెళ్తోంది, ఆ పిలుపు అతనికి వినపడలేదు. మావయ్య రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు.

పెదవులు కదులుతూనే ఉన్నాయి. చీటీలు ఏవీ లేవని లెక్క తీసినవారు ధ్రువీకరించారు. దాని కింద రెండు సంతకాలు. ఒకటి గుండ్రటి అక్షరాలు. రెండోది ఎవరిదో అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు.

పెదవులు ఆగాయి. అతను తలెత్తలేదు. ఆమె సంచీ ఇంకా అతని భుజానే ఉంది. కాగితాన్ని కళ్లకు కాస్త దగ్గరగా పెట్టుకుని, మళ్లీ మొదటి వాక్యం నుంచి చదవడం మొదలుపెట్టాడు.